లుఖ్మాన్ హకీమ్ దగ్గర లేని దవా

వహమ్‌కి దవా లుఖ్మాన్ హకీమ్ దగ్గర కూడా లేదని మన నానీమాలు అనేవాళ్లు. ఈ మధ్య మన జవాన్ పిల్లల్ని పట్టుకున్న ఒక వహమ్ గురించి రాస్తున్నాను. ఇంట్లో ఆడవాళ్లు చదివేచోట ఇదేం రాత అని కొందరు కోప్పడతారు. కోప్పడనీయండి. ఆడవాళ్లు చదవాలనే రాస్తున్నా.

అఖ్బార్‌లో పనిచేస్తాను, దవాఖానాల్లో నలుగురు తెలుసు అనే ధీమాతో బిరాదరీ పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. రంజాన్ అయిపోయాక ఒకబ్బాయి చేశాడు. ఇరవై ఆరేళ్లు, నికా ఖాయమైంది. దోస్తులతో వేరే ఊరు పోయి, ఒక రాత్రి, పేరు కూడా సరిగ్గా తెలియని ఔరత్‌తో ఉన్నాడు. కండోమ్ లేదు. తిరిగొచ్చినప్పటి నుంచి నీంద్ లేదు. గంటకోసారి మెడ తడుముకుని గడ్డలున్నాయేమో చూసుకోవడం, రాత్రంతా ఫోన్లో లక్షణాలు చదవడం. నాలుగు దగ్గులొస్తే ఖతం అనుకున్నాడు. నాకు చేసేసరికి ఐదు వారాలు దాటింది. అప్పటికే బస్టాండ్ పక్కన ఒక హకీమ్ సాబ్‌కి ఖూన్ సాఫ్ చేసే మాజూన్ కోసం 18,000 ఇచ్చేశాడు. రక్తపరీక్ష మాత్రం చేయించుకోలేదు. "ఎవరన్నా చూస్తే ఎట్లా చాచా?"

గునా సంగతి వాడికీ అల్లాకీ మధ్య. నేను మౌల్వీని కాను. తౌబా దర్వాజా ఊపిరి ఉన్నంతవరకూ తెరిచే ఉంటుందని నాకు నేర్పారు. దవా దర్వాజా అట్లా కాదు. అందుకే నేను అడిగే మొదటి సవాల్ "ఎందుకు చేశావ్" కాదు, "ఏ తారీఖున, బేటా?"

హెచ్ఐవి సోకకుండా ఆపే మందులున్నాయి. వాటిని పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. మొదలుపెట్టాక 28 రోజులు వాడాలి. అవసరమా కాదా అనేది డాక్టర్ చెప్తాడు, కానీ ఆ మూడు రోజుల్లో డాక్టర్ ముందు కూర్చోవాలి కదా! మన పిల్లలు ఆ మూడు రోజులూ దుప్పటి కప్పుకుని గడిపేస్తారు. లేదంటే నాలుగో రోజే టెస్ట్ చేయించుకుని, నెగటివ్ రాగానే అల్హమ్దులిల్లా అనుకుంటారు. అంత తొందరగా చేసిన టెస్ట్‌లో ఏమీ తేలదు. నాలుగో తరం లాబ్ టెస్ట్ అయితే 45 రోజులకు, వేలిలోంచి రక్తం తీసే రాపిడ్ టెస్ట్ అయితే 90 రోజులకు యకీన్‌గా చెప్పొచ్చు.

పిల్లలు భయపడేది కూడా తక్కువ అవకాశం ఉన్న దానికే. హెచ్ఐవి ఉన్న ఔరత్‌తో కండోమ్ లేకుండా ఒక్కసారి కలిస్తే మర్ద్‌కి అంటుకునే అవకాశం సగటున 10,000లో 4 అని అంచనా. పుండ్లూ వేరే ఇన్ఫెక్షన్లూ ఉంటే అది పెరుగుతుంది. ఆతషక్, సూజాక్, క్లమిడియా ఇంతకన్నా చాలా సులువుగా అంటుకుంటాయి. వాటి గురించి ఒక్కడూ అడగడు. ఆతషక్, అంటే సిఫిలిస్, మహా మోసగత్తె బీమారీ. దాదాపు మూడు వారాలకు ఒక పుండు లేస్తుంది, నొప్పి ఉండదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. ఆ వారాల్లో మాజూన్ తిన్నవాడు హకీమ్ సాబ్ చేతి మహిమ అనుకుంటాడు. బోర్డు మీద "గ్యారంటీ ఇలాజ్" అన్న రాత ఈ మోసం మీదే నిలబడింది. మర్జ్ మాత్రం ఖూన్‌లోనే ఉంటుంది, ఏళ్ల తర్వాత గుండెనో మెదడునో పట్టుకుంటుంది. మొదట్లోనే పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ డోసుతో పోయేది.

నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి, మాటల పిచ్చి ఉంది. ఉర్దూలో వీటిని పోషీదా అమ్రాజ్ అన్నాం, దాచుకోమని పేరులోనే చెప్పాం. తెలుగులో సుఖవ్యాధులన్నారు, సుఖపడ్డావుగా అనుభవించు అన్నట్టు. రెండు జబాన్లూ తీర్పు చెప్పాయి, ఇలాజ్ చెప్పలేదు.

సర్కారీ దవాఖానాల్లో ఐసీటీసీ అని ఉంటుంది. అక్కడ హెచ్ఐవి టెస్ట్ ముఫ్త్, ముందూ వెనకా కూర్చోబెట్టి మాట్లాడతారు కూడా. మిగతావాటికి చర్మవ్యాధుల ఓపీకి పోవాలి. ఆ డాక్టర్లు చదివే చదువులో ఇవీ ఉంటాయి. ఆ లైన్లో నిలబడ్డవాణ్ణి చూస్తే గజ్జి అనుకుంటారు, అంతే. 1097కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. 2017లో వచ్చిన హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నీ రజామందీ లేకుండా ఆ టెస్ట్ చేయకూడదు, రిజల్ట్ బయట చెప్పకూడదు. గల్ఫ్ వీసా మెడికల్‌లో "అన్‌ఫిట్" అని వచ్చాక మొదటిసారి తెలుసుకోవడం కన్నా ఇది నయం కాదా?

ఇప్పుడు ఆడవాళ్ల సంగతి. సూజాక్ వస్తే మర్ద్‌కి సాధారణంగా కొన్ని రోజుల్లోనే మంట, చీము కనిపిస్తాయి, పరుగెత్తుతాడు. ఔరత్‌కి చాలాసార్లు ఏమీ తెలియదు. క్లమిడియా అయితే ఇద్దరికీ తెలియకపోవచ్చు. లోపల గర్భనాళాలు దెబ్బతింటాయి. రెండేళ్లకు సాస్ మొదలుపెడుతుంది, బహూ బాంఝ్ అని. తావీజులు కట్టిస్తారు, దర్గాలు తిప్పుతారు, స్కానింగులు చేయిస్తారు. దుల్హా సాబ్ మూత్రం ఎవరూ అడగరు. కడుపుతో ఉన్న ఆమెకు సిఫిలిస్ ఉంటే బిడ్డ లోపలే పోవచ్చు. వాడు దాచుకున్న రాజ్‌కి జుర్మానా కట్టేది ఏమీ చేయని ఆమె. మనం ఇజ్జత్ అంటున్నది దీన్నేనా?

సరైన రోజున నెగటివ్ వచ్చాక కూడా కొందరికి యకీన్ కుదరదు. ఆరు లాబుల్లో ఆరు టెస్టులు. నానీమాలు అన్న వహమ్ అదే. దానికి ఏడో టెస్ట్ కాదు, మనసు డాక్టర్ కావాలి. లుఖ్మాన్ హకీమ్ దగ్గర లేకపోయినా ఆయన దగ్గర దవా ఉంది. పిచ్చి డాక్టర్ అనకండి దయచేసి.

అమ్మీలకూ అబ్బాలకూ ఒక మాట. నికా దగ్గరపడుతుంటే కొడుకు తిండి మానేసి, బాత్రూంలో గంటలు గడుపుతూ, నికా కొన్నాళ్లు ఆపుదాం అంటే లడ్కీ నచ్చలేదా అని వెంటనే నిలదీయకండి. అబ్బా కాకపోతే మామూజానో బడే భాయో పక్కకు తీసుకెళ్లి, ఏ తారీఖునో అడగండి. మూడు నెలల టెస్ట్ వచ్చేదాకా నికా వెనక్కి జరపండి. ఫంక్షన్ హాల్ దొరకలేదని చెప్పండి, మన బస్తీల్లో ఎవరూ షక్ పడరు. టెస్ట్‌లో ఏదన్నా బయటపడితే మాత్రం ఆ అమ్మాయి నుంచి దాచకండి. కుబూల్ హై అనాల్సింది ఆమె కదా.