ఫతే మైదాన్‌లో దావత్ చాలు, ఇక ఆట కావాలి



రంజాన్ వచ్చిందంటే ఎల్బీ స్టేడియంలో సర్కారీ ఇఫ్తార్ దావత్. పాస్ దొరికినవాళ్లు నలుగురికీ చూపించుకుంటారు, దొరకనివాళ్లు లీడర్ల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. జర్నలిస్టుగా నేనూ వెళ్లాను. ఖజూర్ నోట్లో పెట్టుకున్నాను, ముఖ్యమంత్రి తఖ్రీర్ రాసుకున్నాను, ఇంటికొచ్చాను. కాబట్టి ఈ శిక్వాలో నా కసూర్ కూడా ఉంది. ముందే ఒప్పుకుంటున్నా.

నా సవాల్ ఒక్కటే. ఆ మైదాన్‌కి మనం మెహమాన్లం ఎప్పుడయ్యాం?

మన బుజుర్గులు దాన్ని ఎల్బీ స్టేడియం అనరు, ఫతే మైదాన్ అంటారు. 1955లో న్యూజిలాండ్‌తో ఈ ఊరి మొదటి టెస్ట్ మ్యాచ్ అక్కడే జరిగింది. పాలీ ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మన దేశస్తుడి మొదటి డబుల్ సెంచరీ ఈ ఊరి మట్టి మీదే వచ్చింది.

ఫుట్‌బాల్ సంగతి చెప్పాలంటే ఇంకా గర్వం. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. ఆయన కోచింగ్‌లోనే ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫిఖారుద్దీన్, వాళ్ల పక్కనే తులసీదాస్ బలరాం. ‘మనది’ అంటే ముసల్మాన్లది మాత్రమే అని నేననడం లేదు. ఈ ఊరిది అంటున్నాను. గల్లీలో ఆడి, నడిచి వెళ్లి మ్యాచ్ చూసిన ప్రతివాడిదీ.

1999 నవంబర్ 8న నేను డిగ్రీ స్టూడెంట్‌ని. అబ్బా పనికి నాగా పెట్టి నన్ను తీసుకెళ్లారు. టెండూల్కర్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగులు. మ్యాచ్ అయ్యాక పబ్లిక్ గార్డెన్స్ షాహీ మసీదులో అస్ర్ నమాజ్ చదివి, దారంతా ఆ సిక్సర్ల గురించే మాట్లాడుకుంటూ నడిచి ఇంటికొచ్చాం. బస్సు చార్జీ కూడా కాలేదు.

2003 నవంబర్ తర్వాత ఆ మైదాన్‌లో అంతర్జాతీయ వన్డే లేదు. 2005లో క్రికెట్ ఉప్పల్‌కి వెళ్లింది. తర్వాత వచ్చిన డెక్కన్ చార్జర్స్, సన్‌రైజర్స్ కూడా అక్కడే. 2002 నేషనల్ గేమ్స్ కోసం కొత్త స్టేడియం కావాల్సి వస్తే గచ్చిబౌలిలో కట్టారు. అప్పటికి ఉప్పల్ గానీ గచ్చిబౌలి గానీ హైదరాబాద్ బల్దియాలో లేవు. రెండూ రంగారెడ్డి జిల్లా. 2007లో గ్రేటర్ చేసి కలుపుకున్నారు. ముందు ఆట ఊరు దాటింది, తర్వాత ఊరి హద్దు దాని వెనకాల వెళ్లింది.

కొందరు దోస్తులు అంటారు: ‘భాయ్, పాత స్టేడియం ఇరుకు, పార్కింగ్ లేదు. వేల మంది జనం వస్తే ఎక్కడ నిలబెడతావ్?’ నిజమే, కాదనను. ఐపీఎల్ ఉప్పల్‌లో ఆడితే నాకు అభ్యంతరం లేదు. కానీ పార్కింగ్ ఎవరికి కావాలి? కారున్నవాడికి. ఉప్పల్‌లో ‘స్టేడియం’ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది. చార్మినార్ దగ్గర మెట్రో స్టేషనే లేదు. ఎంజీబీఎస్ దాకా వచ్చిన రైలు మూసీ దాటి మన మొహల్లాల్లోకి రానేలేదు. ఫలక్‌నుమా పిల్లవాడు రాత్రి మ్యాచ్ చూసి ఎలా తిరిగొస్తాడు? వాడు సరే, వాడి చెల్లెలిని ఏ అమ్మీ అంత దూరం పంపుతుంది? స్టేడియం దూరమైతే ముందు ఇంట్లో ఆగిపోయేది ఆడపిల్లలే.

ఫుట్‌బాల్‌కి ఈ పార్కింగ్ సాకు కూడా లేదు. అది నడిచి వచ్చేవాళ్ల ఆట. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు నేను ఖుష్ అయ్యాను. ఇల్లు మాత్రం గచ్చిబౌలిలో పెట్టుకుంది. చార్మినార్ నుంచి 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2022లో ఐఎస్‌ఎల్ కప్ గెలిచింది. కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడారు, అది వాళ్ల తప్పు కాదు. కానీ కప్ వచ్చాక కూడా రహీమ్ సాబ్ ఊరికీ ఆ టీమ్‌కీ రిష్తా కుదరలేదు. 2025లో అది ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మార్చేసుకుంది. మన మొహల్లాలో ఎవరైనా ఏడ్చారా? పక్కింటి పెళ్లి ఆగిపోతే ఇంతకన్నా ఎక్కువ మాట్లాడుకుంటాం. ఊరి నడుమ లేని టీమ్ పోతే ఊరికి తెలియను కూడా తెలియదు.

2024లో రహీమ్ సాబ్ మీద ‘మైదాన్’ సినిమా వచ్చింది. మనవాళ్లు మల్టీప్లెక్సుల్లో కళ్లు తుడుచుకున్నారు. బయటికొచ్చాక మైదాన్ ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు.

హుకూమత్‌ని తిట్టడం ఆసాన్. ఇప్పుడు మన ఖౌమ్ గురించి మాట్లాడుకుందాం. మొహల్లాలో ఖాళీ జాగా కనిపిస్తే షాదీఖానా కడతాం. ఒక్క రాత్రి వలీమాకి లక్షలు పోస్తాం, పిల్లాడు బూట్లు అడిగితే ‘ఫుట్‌బాల్ అన్నం పెడుతుందా’ అంటాం. మన పేరుతో ఓట్లు అడిగే సియాసీ రహ్నుమాలు స్టేజీ మీద సీఎం పక్కన కుర్చీ కోసం ఎంత తకరార్ చేస్తారో ఈ కళ్లతో చూశాను. అందులో పదో వంతు మైదాన్ కోసం చేసి ఉంటే ఈ మజ్మూన్ రాసే పనే ఉండేది కాదు.

నేను అడిగేవి మూడు. ఎల్బీ స్టేడియం సభలకు, ప్రమాణ స్వీకారాలకు కాకుండా ముందు ఆటలకు ఇవ్వాలి. ఊరి ఫుట్‌బాల్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు సెలవు రోజుల్లో అక్కడ పెట్టాలి, పిల్లలకు టికెట్ ఉండకూడదు. పాతబస్తీలో మిగిలిన ప్రతి మైదాన్‌నీ కొలిచి, హద్దు గోడ కట్టి, ఆట తప్ప ఇంకోదానికి వాడకూడదని రాసివ్వాలి.

ఇది ఖైరాత్ కాదు, హక్. ఇఫ్తార్ మన ఇళ్లలో, మసీదుల్లో బాగానే జరుగుతుంది, అల్హమ్దులిల్లాహ్. దానికి సర్కార్ అవసరం లేదు. మైదాన్ మాత్రం సర్కార్ చేతిలో ఉంది. వచ్చే రంజాన్‌లో పాస్ దొరికినవాళ్లు వెళ్లండి, వద్దనను. ఖజూర్ తిని, మగ్రిబ్ చదివి, పక్కన కూర్చున్న వజీర్ సాబ్‌ని ఒక్క మాట అడగండి: ‘జనాబ్, ఈ గడ్డి మీద మా పిల్లలు ఎప్పుడు ఆడతారు?’

జవాబు ఏమొచ్చిందో నాకు రాయండి. నేను ఇక్కడ పేరుతో సహా వేస్తాను.