ప్రమాదకర వ్యర్థాల లెక్క ఊరి ముందు ఉండాలి: మర్రిపాడు గ్రామసభ ఆమోదానికి ప్రతిపాదించిన తీర్మానం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, మర్రిపాడు మండలం

విషయం: వ్యాపార సంస్థల నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాలను నమోదు చేయడం, ఏటా నివేదించడం, అధీకృత సంస్థలకే అప్పగించడం గురించి.

పీఠిక

వెలిగొండల దిగువన ఉన్న మన మెట్ట ప్రాంతంలో తాగునీటికీ సేద్యానికీ బోర్లు, చెరువులే దిక్కు. ఉదయగిరి, ఆత్మకూరు పడమటి గ్రామాలకు ఫ్లోరైడ్ నీటి బాధ కొత్తది కాదు. ఇక్కడ కురిసిన వాన వాగుల వెంట బొగ్గేరుకూ, చివరకు పెన్నకూ చేరుతుంది. మన నేల మీద ఒలికిన విషం మనతో ఆగదు, దిగువ ఊళ్ల వారి కడవల్లోకీ వెళుతుంది.

మన దగ్గర పెద్ద రసాయన కర్మాగారాలు లేకపోయినా ప్రమాదకర వ్యర్థాలు ఉన్నాయి. నెల్లూరు–బద్వేలు రహదారి పొడవునా లారీలు, ట్రాక్టర్లు, బైకులు బాగుచేసే షెడ్లలో కాలిన ఇంజను ఆయిల్ పోగవుతుంది. బ్యాటరీ షాపుల్లో సీసం, యాసిడ్ ఉంటాయి. మోటారు వైండింగ్ షాపుల్లో వార్నిషు పట్టిన పాత తీగ మిగులుతుంది. పొగాకు, మిరప, వరి పండించే ఊళ్లలో పురుగు మందుల ఖాళీ డబ్బాలూ, దుకాణాల్లో తేదీ మీరిన మందులూ ఉంటాయి. క్లినిక్కుల్లో వాడేసిన సూదులు ఉంటాయి.

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్రం 2016 ఏప్రిల్ 4న ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిబంధనలను ప్రకటించింది. వాడేసిన ఆయిల్, ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ పీపాలు వాటి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఈ నిబంధనల కింద అనుమతి పొందిన ప్రతి సంస్థ ఫారం 3లో లెక్క రాయాలి. గడిచిన ఆర్థిక సంవత్సరపు వివరాలను ఏటా జూన్ 30లోగా ఫారం 4లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. సరుకు కదిలేటప్పుడు ఫారం 10ను ఏడు ప్రతులుగా రాయాలి. సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఈ నివేదికల ఆధారంగా మండలి రాష్ట్రం మొత్తం లెక్క తీసి, సెప్టెంబరు 30లోగా కేంద్ర మండలికి అందించాలి. కింది నుంచి ఒక్క కాగితం రాకపోతే ఆ వ్యర్థం పై లెక్కలో లేనట్టే.

2019 మార్చి 1 సవరణ ప్రకారం నీటి, వాయు కాలుష్య చట్టాల కింద సమ్మతి అక్కర్లేని సంస్థలకు ఈ అనుమతి కూడా అక్కర్లేదు. అయితే దానికి షరతు ఉంది: వ్యర్థాన్ని అధీకృత వినియోగదారుకో, సేకర్తకో, నిర్మూలన కేంద్రానికో అప్పగించాలి. ఈ మినహాయింపు చాలామందికి తెలిసింది, షరతు తెలియలేదు. అందుకే కాలిన ఆయిల్ సెంట్రింగ్ పలకలకు పూతగానో, కాలువలోకో పోతోంది. చిన్న దుకాణాల అప్పగింతకు లెక్క రాసే చోటు లేదు. ఆ లోటును పంచాయతీ పూడ్చగలదు.

లెక్క లేని వ్యర్థం ఏం చేస్తుందో పటాన్‌చెరు చూపింది. అక్కడి పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగును, చుట్టుపక్కల ఊళ్ల భూగర్భ జలాన్ని పాడుచేశాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఆ తర్వాత కూడా ఆ ఊళ్ల పోరాటం దశాబ్దాల పాటు సాగింది. భోపాల్‌లో 1984 దుర్ఘటన జరిగిన కర్మాగారం నుంచి 337 టన్నుల వ్యర్థాలను 2025 జనవరిలో గానీ తరలించలేకపోయారు. భూగర్భ జలం ఒకసారి చెడితే బాగుచేసే ఖర్చు ఏ పంచాయతీ భరించలేదు. ముందుగా రాసుకోవడానికి ఒక పుస్తకం చాలు.

తీర్మానం

పై విషయాలను పరిశీలించి, ఈ గ్రామసభ కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. పంచాయతీ కార్యాలయంలో ప్రమాదకర వ్యర్థాల రిజిస్టరు తెరవాలి. మెకానిక్ షెడ్లు, సర్వీసింగ్ కేంద్రాలు, పెట్రోలు బంకులు, బ్యాటరీ, వైండింగ్, పురుగు మందుల దుకాణాలు, పాత ఇనుము వ్యాపారుల పేర్లు అందులో ఎక్కించాలి. ఏ వ్యర్థం, ఎంత, ఎక్కడ నిల్వ ఉంది, ఎప్పుడు ఎవరికి ఇచ్చారు అన్న నాలుగు సంగతులు మూడు నెలలకొకసారి రాయించాలి.

2. ఫారం 4 పంపాల్సిన సంస్థలు దాని ప్రతిని, అందినట్టు రసీదును జూలై 15లోగా పంచాయతీకి ఇవ్వాలి. మినహాయింపు ఉన్న దుకాణాలు అప్పగింత రసీదులను భద్రపరచి, లైసెన్సు పునరుద్ధరణ సమయంలో చూపాలి.

3. కాలిన ఆయిల్‌ను, బ్యాటరీ యాసిడ్‌ను కాలువల్లో, చెరువుల్లో, ఖాళీ స్థలాల్లో పోయరాదు. రాగి కోసం తీగలు కాల్చరాదు. మందు పిచికారీ పంపులను, డబ్బాలను బావుల దగ్గర, చెరువుల్లో కడగరాదు. నిల్వ చేసేచోట గచ్చు నేల, కప్పు, తెలుగులో రాసిన హెచ్చరిక పలక ఉండాలి.

4. ఖాళీ మందు డబ్బాలను మంచినీళ్లకు, పప్పులకు వాడడం మానిపించేందుకు రైతు సేవా కేంద్రంలో అవగాహన సమావేశాలు జరపాలి. తేదీ మీరిన మందులను దుకాణదారు రైతుకు అంటగట్టకుండా, కంపెనీకి తిప్పి పంపిన వివరాలు రిజిస్టరులో రాయాలి.

5. క్లినిక్కులు జీవవైద్య వ్యర్థాల నిబంధనలు, 2016 పాటిస్తూ, ఏటా జూన్ 30లోగా పంపే నివేదిక ప్రతిని పంచాయతీకి ఇవ్వాలి.

6. ఒలికిపోవడం, అంటుకోవడం వంటి ప్రమాదం జరిగితే సంస్థ వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి, పంచాయతీకి ఫోన్‌లో తెలపాలి. తర్వాత ఫారం 11లో నివేదిక పంపాలి.

7. చిన్న దుకాణదారులను శిక్షించడం ఈ తీర్మానం ఉద్దేశం కాదు. ఫారాలు నింపడానికి గ్రామ సచివాలయ సిబ్బంది ఉచితంగా సాయపడాలి. మొదటిసారి లోపం కనిపిస్తే నచ్చజెప్పి, గడువు ఇవ్వాలి. వినకుండా మళ్లీ మళ్లీ కాలువలో పోసేవారి సంగతి మండలికి రాతపూర్వకంగా పంపాలి. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు ఉండవచ్చని అందరికీ ముందే తెలపాలి.

8. కాలుష్య నియంత్రణ మండలి నెల్లూరు ప్రాంతీయ కార్యాలయం అధీకృత సేకర్తల జాబితాను తెలుగులో ఇవ్వాలని, మర్రిపాడు మండలానికి నిర్ణీత రోజున సేకరణ వాహనం వచ్చేలా చూడాలని, ఏటా మే నెలలో ఇక్కడే శిక్షణ శిబిరం పెట్టాలని ఈ సభ కోరుతున్నది. 2022 బ్యాటరీ నిబంధనలు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన వాడేసిన ఆయిల్ నిబంధనలు సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. ఆ బాధ్యత పట్టణాలతో ఆగిపోకూడదు.

9. షెడ్లలో పనిచేసే కుర్రవాళ్లకు చేతి తొడుగులు, సబ్బు నీళ్లు యజమానులే సమకూర్చాలి. ఆ పనుల్లో పిల్లలను పెట్టరాదు.

10. ఏటా జూలై తర్వాత జరిగే మొదటి గ్రామసభలో రిజిస్టరును చదివి వినిపించాలి. ఈ దుకాణాలకు దగ్గరగా ఉన్న తాగునీటి బోర్ల పరీక్ష ఫలితాలను దానితోపాటే నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రశ్నించే హక్కు సభలోని ప్రతి ఒక్కరికీ ఉంటుంది.

ప్రతిపాదించినవారు:
బలపరిచినవారు:
సర్పంచ్ సంతకం, పంచాయతీ కార్యదర్శి సంతకం:

ప్రతులు: జిల్లా కలెక్టరు, నెల్లూరు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం, నెల్లూరు, రెవెన్యూ డివిజనల్ అధికారి, ఆత్మకూరు, మండల పరిషత్ అభివృద్ధి అధికారి, తహసీల్దారు, మండల వ్యవసాయాధికారి, మర్రిపాడు.