రుసుము పుచ్చుకొని కథలు చదువువారు



ఈ మాసమున నాకు చేరిన జాబులలో నొకటి అమెరికానుండి వచ్చినది. న్యూజెర్సీలో కాపురముండు నొక తెలుగు సోదరి, తన చిన్నబిడ్డకు రాత్రులందు చెప్పుచు వచ్చిన కథను ఇంగ్లీషున బొమ్మల పుస్తకమునకు తగినట్లు వ్రాసికొన్నది. ప్రచురణకర్తలకు పంపుటకు ముందు తెలిసినవారిచే చదివించి లోపములు తెలిసికొనవలెనని ఆమె కోరిక. ఇంటి వెచ్చములలో మిగిల్చి మూడేండ్లుగా దాచుకొన్న సొమ్ము కొంత కలదు. ఒక సంస్థవారు, ఆ సొమ్మంతయు తమకిచ్చినచో కథను పరిశీలించి, దిద్ది, బొమ్మలు వేయించి, అచ్చొత్తించి యిత్తుమని వ్రాసిరట. "అక్కయ్యగారూ, ఇయ్యవచ్చునా?" అని యడిగినది.

ఇయ్యవలదు. అయితే ఈ యొక్కమాట చెప్పి ఊరకుండిన ఆమె కథ పెట్టెలోనే యుండిపోవును. రుసుమిచ్చి వ్రాతప్రతిని చదివించుకొనుట అమెరికా, ఇంగ్లండు దేశములలో గౌరవమైన పద్ధతియే. కథ యెక్కడ కుంటుపడినదో, మాటలు పిల్లల యీడునకు తగియున్నవో లేవో, బిడ్డకు వచ్చిన చిక్కును బిడ్డయే తీర్చుకొన్నదో లేక పెద్దలు వచ్చి తీర్చిరో, పరిశీలకురాలు వివరముగా నొక లేఖ వ్రాసి పంపును. అక్షరదోషములు దిద్దుట ఇందు చేరదు. అది వేఱు పని, దానికి వేఱు రుసుము.

మొట్టమొదట తెలిసికొనవలసినది సంస్థ పేరు కాదు, చదువబోవు మనిషి పేరు. ఆమె ఇదివఱకు ఏ పుస్తకములను దిద్దినది? అవి మనము వ్రాసిన జాతివేనా? బొమ్మల పుస్తకమునకు సాధారణముగా 32 పుటలుండును. పేరుపుట మొదలగువానికి కొన్ని పోగా, మిగిలినవానిలో కథ యిముడవలెను. ఇప్పటి ప్రచురణకర్తలు పెక్కుమంది 500 మాటలకు లోబడిన కథలనే కోరుచున్నారు. "ఎఱ్ఱచీర కట్టుకొన్న అమ్మమ్మ" యని వ్రాయ నక్కఱలేదు; చీర యెఱ్ఱనిదని బొమ్మయే చెప్పును. పుట త్రిప్పునప్పుడు బిడ్డకు కలుగు ఆత్రమును ఎక్కడ నిలుపవలెనో తెలియుట యొక విద్య. పెద్దల నవలలను ఇరువదియేండ్లు దిద్దినవారి కైనను ఈ విద్య వచ్చునన్న నమ్మకము లేదు.

పాటగా వ్రాసినవారికి మఱియొక చిక్కు. మన ఛందస్సు గురులఘువులపై నడచును. ఇంగ్లీషు పద్యము మాటలోని ఊనికపై నడచును. అంత్యప్రాస కుదిరినంతమాత్రమున నడక కుదరదు. అట్టి ప్రతిని, పిల్లల పాటలు తానే వ్రాసి అచ్చువేయించిన వారిచేతనే చదివింపవలెను.

కొన్నేండ్లక్రిందట నేనును ఇట్టి పరిశీలనకు సొమ్ము చెల్లించితిని. రెండు పుటల ఉత్తరము వచ్చినది. కథ మనోహరముగా నున్నదట, నా శైలి మృదువైనదట, పిల్లలెల్లరు మెచ్చుకొందురట! ఆనాడు నా సంతోషమునకు మేర లేదు. రెండవమాఱు చదివినప్పుడు గదా తెలిసినది, ఆ యుత్తరములో కథానాయిక పేరు మొదటి వాక్యమున తప్ప మఱెక్కడను లేదు. ఎవరి కథకైనను అంటగట్టదగిన ఉత్తరమది. తరువాత పిల్లల పుస్తకములకు సంపాదకురాలుగా పనిచేసిన యొకామెకు అదే కథను పంపితిని. "అన్ని చిక్కులను బామ్మగారే విప్పుచున్నారు, ఆ చిన్నది ఏమి చేసినది?" అని ఆమె వ్రాసినది. రెండు దినములు నాకు కోపము తగ్గలేదు. మూడవనాడు కథ తిరిగి వ్రాయ మొదలిడితిని.

కావున సొమ్ము పంపుటకు ముందు, ఆమె యిదివఱలో వ్రాసిన పరిశీలనలేఖ నొకదానిని, రచయిత్రి అనుమతితో, మాదిరిగా చూపుమని యడుగవలెను. ఎన్ని దినములలో పంపును, లేఖ చదివిన పిదప మనకు కలిగిన సందేహములకు బదులిచ్చునా, అను సంగతులను ముందే వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. అడుగుటకు మొగమాటమేల? రవికె కుట్టించునప్పుడు ఇంతకంటె ఎక్కువ ప్రశ్నలు వేయుదుము. రుసుము న్యాయమైనదో కాదో తెలియుటకు, 1970లో అమెరికాలో ఏర్పడిన ఎడిటోరియల్ ఫ్రీలాన్సర్స్ అసోసియేషన్ వారు వాడుకలో నున్న వెలలను ఎల్లరు చూచునట్లు ప్రకటించుచున్నారు.

ఇక మన సోదరికి జాబు వ్రాసిన సంస్థ మాట. పరిశీలించువారే అచ్చొత్తించు బేరమును చేసినచో, కథ బాగులేదని చెప్పుటవలన వారికి నష్టము. అట్టివారినుండి నిజమెట్లు వచ్చును? ప్రచురణకర్త రచయిత్రికి సొమ్మిచ్చును, ఆమెనుండి పుచ్చుకొనడు. బొమ్మలు వేయువారిని సయితము సాధారణముగా ప్రచురణకర్తయే యెన్నుకొనును. కాబట్టి ముందుగా చిత్రకారునికి పైకము పోయుట వృథా. సొంత ఖర్చున అచ్చొత్తించుకొనుట తప్పని నే ననను. బియాట్రిక్స్ పోటర్ అను ఆంగ్లవనిత తన కుందేలు కథను ప్రచురణకర్తలు త్రిప్పిపంపగా, 1901లో 250 ప్రతులు తానే వేయించుకొన్నది. మఱుసటి యేడు వార్న్ వారు దానిని రంగుల బొమ్మలతో ప్రకటించిరి. కాని ఆమె ముద్రణకు సొమ్మిచ్చి ముద్రణనే పొందినది. పరిశీలన యను పేరిట ఎవరును ఆమెను మోసగింపలేదు. ఇట్టి మోసములను గుఱించి రచయితలను హెచ్చరించుటకు రైటర్ బివేర్ అను సేవ 1998నుండి నడచుచున్నది. అందు విచారించుటకు రుసుము లేదు.

తక్కువ ఖర్చు త్రోవయు కలదు. 1971లో లాస్ ఏంజెలిస్ నగరమున స్టీఫెన్ మూజర్, లిన్ ఆలివర్ అను వారు స్థాపించిన బాలసాహిత్య రచయితల, చిత్రకారుల సంఘమునకు పెక్కు దేశములలో శాఖలున్నవి. అందలి సభ్యులు చిన్న చిన్న కూటములుగా చేరి ఒకరి వ్రాతలు నొకరు చదువుకొందురు. సభలు జరుగునప్పుడు, కొంత రుసుముపై, సంపాదకులచే కొన్ని పుటలు చదివించుకొను వీలును కలదు.

ముందు అట్టి కూటములో చేరి, వారు చెప్పినట్లు ఒకమాఱు దిద్దుకొని, అటుపిమ్మటనే దాచుకొన్న సొమ్ములో నొక భాగము మాత్రము తగిన పరిశీలకురాలికి ఇమ్మని మన సోదరికి వ్రాసితిని. ఆమె జాబుతోపాటు కథను గూడ పంపినది. మూడవ పుటలోని పిల్లి నాకు చాల నచ్చినది. ఆ సంగతియు ఆమెకు తెలియజేసితిని, రుసుము లేకుండనే.