అరెస్టు చేయకపోతే ఎందుకో చెప్పండి

బాపట్ల జిల్లా ఎస్పీ గారికి,

"కేసు పెడితే ఏముంది, నోటీసిచ్చి పంపేస్తారు" అనే మాట వేమూరులో తరచూ వినబడుతోంది. పొద్దున స్టేషన్లో సంతకం పెట్టినవాడు మధ్యాహ్నానికి ఫిర్యాదుదారు గుమ్మం ముందే బండి హారన్ కొడుతుంటే ఇంకేమంటారు?

అరెస్టులు తగ్గడం తప్పని నేననను. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అవసరం లేకుండా లోపలేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పిలిచే పాత సీఆర్‌పీసీ 41ఏ నోటీసే ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3). పేదవాణ్ణి ఉత్త అనుమానంతో లాకప్‌లో కూర్చోబెట్టే రోజులు మళ్లీ ఎవరిక్కావాలి?

అయితే అరెస్టు అక్కర్లేదనుకుంటే కారణం రాసిపెట్టాలని కూడా ఆ 35వ సెక్షనే అంటోంది. ఆ కారణం ఫైల్లో పడుంటే బాధితుడికేం తెలుస్తుంది?

మన పక్కనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ చరిత్ర తెలిసినవాళ్లకు నోటీసు కాగితం ఊరటనివ్వదు.

దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలని చట్టం. అంతవరకూ ఆగకండి. నోటీసిచ్చిన రోజే, అరెస్టు ఎందుకు చేయలేదో ఫిర్యాదుదారుకు తెలుగులో రాసిచ్చేలా అన్ని స్టేషన్లకూ ఆదేశాలివ్వండి.

ఇట్లు,
వేమూరు వాసి