క్రొత్త నర్సుల కంటతడి

ఏటేట పరీక్షా ఫలితములు వెలువడిన పిదప తారానగర్‌లోను, చుట్టుపట్ల గ్రామములలోను కొన్ని తెలుగిండ్ల యందు పండుగ కళ కనబడుచుండును. మూడేండ్ల డిప్లొమాయో, నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగో ముగించి, ఆ యింటి ఆడపిల్ల బళ్ళారిలోనో, తోరణగల్లులోనో, హొసపేటలోనో ఆసుపత్రి కొలువున చేరుచున్నదన్న సంతోషమది. ఆ సంతోషమున మేమును పాలు పంచుకొనుచున్నాము. కాని మూడు మాసములు గడచునప్పటికి ఆ పిల్లయే సెలవునాడు ఇంటికి వచ్చి, కలిపిన అన్నము నోట పెట్టక, గోడవైపు చూచుచు కూర్చుండుటయు మనకు తెలియనిది కాదు. "గుండె రాయి చేసికొనుము తల్లీ, అన్నియు అవే సర్దుకొనును" అని పెద్దలు చెప్పుదురు. ప్రేమతో చెప్పిన హితవే యైనను ఇది సరియైనది కాదని మా యభిప్రాయము.

ఆమెకు వచ్చిన కష్టమెట్టిదో ముందుగా గ్రహింపవలెను. చదువుకొను దినములలో ఒక రోగిని ఒప్పగించి, ఆ రోగికి చేయవలసిన సేవ యంతయు తీరికగా నేర్పుదురు. కొలువున చేరిన నాటినుండి వార్డంతయు ఆమె మీదనే పడును. ఒక మంచము కడ సెలైను ముగియును. ఇంకొక మంచము కడ జ్వరము పెరుగును. వేరొక చోట రోగి బంధువులు కేకలు వేయుదురు. పొరపాటున మందు మోతాదు తప్పునేమో యన్న భయము నిద్రలోను విడువదు. అందరి యెదుట పై నర్సు మందలించిన మాట ముల్లువలె గ్రుచ్చుకొని యుండును. వీటన్నింటికంటె బరువైనది మొదటి మరణము. నిన్న తన చేత గంజి త్రాగిన ముసలమ్మ నేడు తెల్లవారునప్పటికి లేదు. ఆ మంచముపై దుప్పటి మార్చి, మరుగడియలో ఇంకొకరిని చేర్చుకొనవలెను. ఏడ్చుటకు వేళ యెక్కడిది?

ఇది మన పిల్లల బలహీనత కాదు. మార్లీన్ క్రేమర్ అను అమెరికా నర్సు 1974లో ప్రకటించిన గ్రంథమున, పాఠశాలలో నేర్చిన యాదర్శమునకును వార్డులోని వాస్తవమునకును గల యెడము క్రొత్త నర్సులను ఎట్లు దెబ్బతీయునో వివరించి, దానికి వాస్తవాఘాతమని పేరు పెట్టినది. ఆ దేశముననే పట్రీషియా బెన్నర్ 1984లో, నర్సు క్రొత్తదనము వీడి నిపుణురాలగుటకు అయిదు మెట్లు గలవని నిరూపించినది. మొదటి మెట్టుపై నున్న పిల్లను అయిదవ మెట్టు పనిచేయలేదని నిందించుట న్యాయమగునా?

ఇక గుండె రాయి చేసికొను మాట. లండనులోని యొక పెద్దాసుపత్రిలో ఇసబెల్ మెంజీస్ జరిపిన పరిశీలన 1960లో ప్రచురితమైనది. బాధనుండి నర్సులను కాపాడు నెపమున ఆ యాసుపత్రి అనుసరించిన పద్ధతులలో రోగిని పేరుతో పిలువక మంచము సంఖ్యతోను, రోగము పేరుతోను వ్యవహరించుట యొకటి. దీనివలన వారి బాధ తీరలేదు. విద్యార్థినులలో ఇంచుమించు మూడవ వంతు మంది శిక్షణ పూర్తికాక మునుపే మానివేయుచుండిరి. రాయి చేసికొన్న గుండె రోగికిని పనికిరాదు, నర్సుకును పనికిరాదు.

మన ప్రాంతపు నర్సులకు వేరొక బరువు గూడ గలదు. దానిని గూర్చి ఎవరును మాటలాడకుండుట మాకు విచారము కలిగించుచున్నది. 1953 అక్టోబరు 1న బళ్ళారి తాలూకాలు మైసూరు రాష్ట్రమున కలిసినవి. గీత మారినది గాని జనుల నాలుక మారలేదు. ఇక్కడి వార్డులలో కన్నడము, తెలుగు, ఉర్దూ, లంబాణీ ప్రక్కప్రక్కనే వినవచ్చును. ఆరోగ్యముగా నున్నప్పుడు నాలుగు భాషలు మాటలాడువాడును నొప్పి ముదిరినప్పుడు తల్లి భాషలోనే మూలుగును. "హొట్టె నోవు" అన్నను, "కడుపునొప్పి" అన్నను బాధ యొకటే. కాని "కడుపులో దేవినట్లున్నది" అని ముసలమ్మ చెప్పినదానిని తెలుగెరుగని వైద్యునికి నొప్పియని చెప్పినచో చికిత్సయే మారిపోవచ్చును. అందుచేత ఉభయ భాషలు నేర్చిన మన పిల్లను వార్డు వార్డునుండి పిలుతురు. రోగి గోడు ఆమె చెవినే పడవలెను. కోలుకొనడన్న మాటను, మరణించెనన్న మాటను ఆమె నోటనే పలికింతురు. ఈ పని డ్యూటీ పట్టికలో లేదు, జీతములోను లేదు. భాషాల్పసంఖ్యాకుల కొరకు 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ, 350-బి అధికరణములు ప్రాథమిక పాఠశాలను గూర్చియు, ప్రత్యేకాధికారిని గూర్చియు చెప్పినవి. ఆసుపత్రి మంచమును గూర్చి చెప్పలేదు. ఆ లోటును ఇరువదియేండ్ల పిల్లలు తమ గుండెతో పూడ్చుచున్నారు.

2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో శస్త్రచికిత్సతో కాన్పులైన బాలింతలలో అయిదుగురు మరణించిన దుఃఖవార్త మనమెవ్వరము మరువలేదు. నరములలోని కెక్కించు రింగర్ లాక్టేట్ ద్రావణముపై అనుమానము కలిగి, ప్రభుత్వము ఆ తయారీదారుని ద్రావణము వాడుకను నిలిపివేసెను. తల్లిని కోల్పోయిన పసికందుల శోకము ముందు తక్కిన దేదియు సమానము కాదు. ఐనను ఒక మాట అడుగవలసియున్నది. ద్రావణమును నర్సు తయారుచేయలేదు, కొనలేదు, పరీక్షింపలేదు. సీసాను తగిలించునది మాత్రము నర్సు చేయియే. ఇట్టి విపత్తు నడుమ నిలిచిన క్రొత్త నర్సును కూర్చుండబెట్టి ఓదార్చు ఏర్పాటు మన యాసుపత్రులలో ఎన్నింట గలదు?

ఆసుపత్రుల పెద్దలకు మా మనవి. మొదటి ఆరు మాసములు క్రొత్త నర్సుకు అనుభవశాలియైన సహచరిని జతపరుపుడు. తప్పును దిద్దుడు, కాని రోగుల యెదుట అవమానింపకుడు. మరణము సంభవించిన పిదప పది నిమిషముల విరామ మిండు. విషాదవార్తను వైద్యుడే చెప్పవలెను. ఆమె ప్రక్కన నిలిచి భాష మార్చిన చాలును.

తల్లిదండ్రులకును ఒక మాట. జీతమెంత యని అడుగుటకు ముందు, నేడెట్లు గడచినదమ్మా యని అడుగుడు. రాత్రి డ్యూటీ చేయు పిల్లయని పెండ్లిచూపులలో మొగము ముడుచుకొను ఆచారము మన యిండ్లలో ఇంకను మిగిలియున్నచో దానిని నేడే మానుకొందము. ఆ రాత్రి మేల్కొన్నది మన వంటివారి తల్లుల మంచము కడనే గదా!

ఇక మన యాడబిడ్డలకును, ఈ వృత్తిని చేపట్టిన మగపిల్లలకును మేము కోరునది స్వల్పము. తెలియని దానిని అడుగుటకు సిగ్గుపడకుడు. పొరపాటు జరిగినచో ఆ క్షణమే చెప్పుడు. దాచిన పొరపాటే ప్రాణము తీయును. కన్నడమును మనసార నేర్వుడు, తాండాల నుండి వచ్చువారి కొరకు నాలుగు లంబాణీ మాటలును నేర్వుడు. రోగిని పేరుతో పిలువుడు. ఏడ్పు వచ్చినచో ఏడువుడు. పిమ్మట చేతులు కడిగికొని తిరిగి వార్డులోనికి నడువుడు.

నారిహళ్ళ జలాశయపు టొడ్డున నివసించు తారానగర్ వారికి వేరుగ చెప్పవలసిన పని లేదు. మరవ లేని చెరువు ఎంత గట్టి కట్ట గలదైనను ఒకనాటి వానకు తెగును. వారమున కొకనాడు మన సంఘ భవనమున, పదవీ విరమణ చేసిన పెద్ద నర్సుల చుట్టును ఈ పిల్లలు కూర్చుండి మనసు విప్పి మాటలాడుకొను అవకాశమును కల్పింపవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఖర్చు కాఫీ నీళ్ళకు మించదు. కార్యవర్గము రాబోవు సమావేశముననే దీనిని నిర్ణయింపవలెను.