సాఫ్ట్‌వేర్ వాళ్ళ జోకులు మనకెందుకు అంటున్న వాళ్ళకి



పోయిన వారం ఈ గ్రూపులో ఒక తమ్ముడు కంప్యూటర్ బ్లూ స్క్రీన్ మీద జోకు పెడితే, కింద ఒక అన్న "ఇలాంటివి మనకెందుకు తమ్మీ, ఉద్యోగాల నోటిఫికేషన్లు పెట్టు" అన్నారు. అన్న మీద గౌరవంతోనే చెప్తున్నాం, ఈ మాట మాకు నచ్చలేదు. హాస్టల్లో మేము కొంతమందిమి దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. నోటిఫికేషన్లు కావాలి, కాదనట్లేదు. కానీ ఒక పనిలో ఉన్నవాళ్ళు ఏం చూసి నవ్వుకుంటారో తెలియకుండా ఆ పనిలోకి వెళ్తే, కుర్చీ దొరికినా ఆ గదిలో పరాయివాళ్ళలాగే కూర్చుంటాం.

ఆ బ్లూ స్క్రీన్ జోకు సంగతే తీసుకుందాం. 2024 జులై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అని ఒక అమెరికా కంపెనీ ఉంది. పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్లని హ్యాకర్ల నుంచి కాపాడే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఆ రోజు మన టైం ప్రకారం పొద్దున 9:39కి ఒక చిన్న అప్‌డేట్ పంపారు. 10:57కి వెనక్కి తీసుకున్నారు. మొత్తం 78 నిమిషాలు. ఆ లోపల అది అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలం రంగు స్క్రీన్ చూపించి పడిపోయాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు. ప్రపంచంలో ఉన్న విండోస్ కంప్యూటర్లలో ఇది ఒక శాతం కూడా కాదు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ కొనేది విమాన కంపెనీలు, బ్యాంకులు, ఆసుపత్రులు కాబట్టి లోకమంతా ఆగినట్టే అయింది. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూడా బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. ఆ కాగితం ఫోటో దేశమంతా తిరిగింది.

అదే రోజు జోకులు మొదలయ్యాయి. బెల్జియం దేశపు హాస్య రచయిత ఒకాయన ఆ కంపెనీ ఆఫీసు ముందు నిలబడినట్టు ఫోటో చేసి పెట్టాడు. ఇవాళే ఉద్యోగంలో చేరాను, చిన్న అప్‌డేట్ పంపేశాను, మధ్యాహ్నం సెలవు తీసుకుంటున్నాను అని దాని భావం. చాలామంది నిజమే అనుకున్నారు. డెవలపర్లు మాత్రం అది శుక్రవారం కాబట్టి ఇంకా ఎక్కువ నవ్వారు. శుక్రవారం కొత్త కోడ్ పంపకూడదని వాళ్ళలో పాత మాట ఉంది. ఏదైనా పగిలితే శని, ఆదివారాలు ఆఫీసులోనే గడపాలి. మన దగ్గర పొద్దుగూకే వేళ అడవిలోకి పోవద్దని పెద్దోళ్ళు చెప్పరా, అలాంటిదే. జోకులాగే ఉంటుంది గానీ దెబ్బ తిన్నవాళ్ళు చెప్పిన జాగ్రత్త అది.

కొన్ని జోకులు ఎవరూ కట్టకుండానే పుట్టాయి. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ వాడేవాళ్ళకి, మెషిన్ని రీస్టార్ట్ చేస్తూ ఉండండి, కొందరికి 15 సార్ల దాకా చేస్తే పనిచేసింది అని చెప్పింది. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడం అంటే మన హాస్టల్ టీవీకి చేసే వైద్యమే కదా! తర్వాత కొన్ని రోజులకి క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ళు, ఈ గొడవలో కష్టపడ్డ భాగస్వామి కంపెనీల వాళ్ళకి 10 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు. ఒక్కసారే అంతమంది వాడేసరికి ఊబర్ దాన్ని మోసం అనుకుని ఆపేసింది. ఇక వాళ్ళు నవ్వక ఏం చేస్తారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అమెరికాలో సౌత్‌వెస్ట్ విమానాలు ఆగకపోవడానికి కారణం వాళ్ళు ఇంకా ముప్పై ఏళ్ళ నాటి విండోస్ 3.1 వాడటమే అని ఒక మాట తిరిగింది. దానికి ఆధారం లేదని తర్వాత తేలింది. జోకుని వార్త అనుకుని ఫార్వర్డ్ చేసేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారు, మన గ్రూపులోనూ ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. ఎందుకు పడిపోయింది? కంపెనీ తర్వాత ఇచ్చిన రిపోర్టులో కారణం రాసింది. ఆ సాఫ్ట్‌వేర్ 21 విలువలు ఉంటాయని అనుకుంది. దానికి అందించినవి 20. లేని 21వ దాని కోసం మెమొరీలో చదవకూడని చోట చదివింది. వరుసలో 20 ప్లేట్లే పెట్టి, 21వ ప్లేటు కోసం చెయ్యి చాపినట్టు. మామూలు యాప్ అయితే అదొక్కటే మూతపడేది. ఇది విండోస్ లోపల, కెర్నల్ అనే అన్నిటికన్నా కింది పొరలో నడుస్తుంది కాబట్టి మొత్తం కంప్యూటరే పడిపోయింది. అప్‌డేట్ వెనక్కి తీసుకున్నా పడిపోయినవి చాలావరకు వాటంతట అవి లేవలేదు. మనుషులు ఒక్కో మెషిన్ దగ్గర కూర్చుని ఆ ఫైలు తీసెయ్యాల్సి వచ్చింది.

మనలో సి లాంగ్వేజ్ చదివిన వాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టు లేదా? అర్రే హద్దు దాటడం. మొదటి సంవత్సరం పాఠం. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివి వచ్చిన మన పిల్లలు ల్యాబ్‌లో ఎర్రర్ రాగానే సార్ చూడకముందే స్క్రీన్ మూసేస్తారు, ఇది మన తలకెక్కే చదువు కాదేమో అనుకుంటారు. అదే జాతి తప్పు అంత పెద్ద కంపెనీలో జరిగి విమానాలు ఆగాయి. 2024 ఆగస్టులో లాస్ వేగాస్‌లో హ్యాకర్ల సభ జరిగింది. అక్కడ ఏటా సరదాగా ఇచ్చే అవార్డుల్లో ఆ ఏడాది అతిపెద్ద వైఫల్యం అవార్డు ఈ కంపెనీకే వచ్చింది. కంపెనీ ప్రెసిడెంట్ స్వయంగా స్టేజీ ఎక్కి తీసుకుని, ఇది మా హెడ్ ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతాం అన్నాడు. ఇందులో పేరు కాపాడుకునే తెలివి ఉంది, అది మాకూ తెలుసు. అయినా తప్పుని దాచకుండా నలుగురి ముందు పెట్టి నవ్వడం ఒక అలవాటు. మనకి ఆ అలవాటు కావాలి.

కానీ ఆ నవ్వు మొత్తం మనం అరువు తెచ్చుకోవాల్సిన పని లేదు. ఆ రోజు కొన్ని ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో అత్యవసర ఫోన్ నంబరు 911 కూడా ఇబ్బంది పడింది. ఆ లైన్లో ఉన్నవాళ్ళకి అది జోకు కాదు.

మన ఊళ్ళో సంగతి చూడండి. ఏజెన్సీలో "సర్వర్ డౌన్" అనే మాట తెలియని ముసలమ్మ లేదు. కంప్యూటర్ అంటే తెలియకపోయినా ఆ మాట తెలుసు. గుట్ట దిగి రేషన్ కోసం వస్తుంది. వేలు పెడుతుంది, మెషిన్ తీసుకోదు. మళ్ళీ పెడుతుంది. రేపు రా అంటారు. ఆ రోజు కూలి పోయింది, రేపటి కూలీ పోతుంది. తిరిగి వెళ్తూ అవ్వ ఏమంటుందో మనందరం విన్నాం: పని చేసి చేసి నా వేలే అరిగిపోయింది బిడ్డా. అంటే తప్పు తనదే అనుకుంటుంది. డెవలపర్ దగ్గర మెషిన్ ఆగితే, తప్పు ఎక్కడో వెతికితే దొరుకుతుందని అతనికి తెలుసు, అందుకే నవ్వగలడు. అవ్వకి కారణం ఎవరూ చెప్పరు, అందుకే సిగ్గుపడుతుంది. 21కి బదులు 20 అని కంపెనీ రిపోర్టు రాసింది. ఆ రోజు మన ఊళ్ళో మెషిన్ ఎందుకు ఆగింది, నెట్ లేకనా, సర్వర్ మీద భారం ఎక్కువై ఆగిందా, వేలిముద్ర చదివే గాజు పాడయిందా అని అవ్వకి చదివి వినిపించిన రిపోర్టు ఒక్కటి కూడా మేము చూడలేదు.

అందుకే ఈ జోకులు మనకి కావాలంటున్నాం. ప్రతి జోకు కింద ఒక కారణం ఉంటుంది. కారణం అడిగే అలవాటు జోకుల దగ్గర మొదలైతే రేషన్ షాపు దాకా వస్తుంది. మండలాఫీసులో "సర్వర్ డౌన్" అనగానే వెనక్కి తిరగకుండా, ఏ సర్వర్, ఎప్పటి నుంచి, రాసివ్వండి అని అడిగే పిల్లలు మన గూడేల నుంచి రావాలి.

మా ప్రతిపాదన ఒకటే. ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఒక జోకు పెట్టి, దాని కింద కారణాన్ని మామూలు మాటల్లో రాయాలి. కోయలో, గోండిలో, లంబాడీలో వాయిస్ పెట్టినా సరే. వచ్చే ఆదివారానికి జోకు మేమే ఇస్తున్నాం: "తప్పు ఎప్పుడూ డీఎన్ఎస్‌దే." 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు కూడా ఈ జోకే తిరిగింది. అసలు డీఎన్ఎస్ అంటే ఏంటి, ఆ రోజు తప్పు నిజంగా దానిదేనా? ఎవరు రాస్తారో పేరు చెప్పండి. ఊళ్ళో సిగ్నల్ లేనివాళ్ళు సంతకి వచ్చినప్పుడు చెప్పినా చాలు.