నానో బోధనలో నీటికి దక్కని చోటు

నానో ఎరువులు, నానో పురుగుమందుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా శిక్షణ తరగతుల్లో మొదట చెప్పేది కణ పరిమాణమే. 1 నుంచి 100 నానోమీటర్లు అన్న నిర్వచనం విద్యార్థులకు కంఠస్థం. ఆ కణం ఏ బలంతో నిలబడి ఉంది, ఏ పరిస్థితిలో విడిపోతుంది అన్న ప్రశ్నకు మాత్రం పాఠంలో చోటు దక్కడం అరుదు.

సస్యవ్యాధి శాస్త్ర విద్యార్థులకు సుపరిచితమైన పొగాకు మొజాయిక్ వైరస్ ఇందుకు చక్కని ఉదాహరణ. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల వ్యాసం గల ఈ కడ్డీలో ఒకే రకమైన ప్రోటీన్ ఉపభాగాలు సుమారు 2,130 ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు చుట్టూ మరమెట్ల వలె అమరి ఉంటాయి. 1955లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫ్రాంకెల్-కాన్రాట్, విలియమ్స్ ఈ రెండింటినీ వేరుచేసి తిరిగి కలిపినప్పుడు, వ్యాధి కలిగించగల కడ్డీలే మళ్లీ ఏర్పడ్డాయి. ఆర్‌ఎన్‌ఏ లేకుండా ఆ ప్రోటీన్‌ను మాత్రమే ఉంచితే, తటస్థ స్థితికి దగ్గరగా, తగినంత లవణమున్న ద్రావణంలో అది చక్రాలుగా అమరుతుంది. ఆమ్లత పెరిగితే పొడవాటి కడ్డీలవుతుంది. అణువు అదే, మారింది నీరు.

కారణం బంధాల స్వభావంలో ఉంది. కార్బన్-కార్బన్ సమయోజనీయ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. నీటిలోని హైడ్రోజన్ బంధానికి 20 చాలు. ఇటువంటి బలహీన ఆకర్షణలు అనేకం కలిసి నిర్మాణాన్ని నిలుపుతాయి, పరిసరం మారితే వదులుతాయి. ఉదజని సూచిక 4.6కు దిగేసరికి పాలలోని కేసీన్ మిసెల్‌లు తమ పూర్వరూపం కోల్పోయి పెరుగు వలగా అల్లుకోవడం ఇటువంటిదే. పాడి విభాగం వారికి నిత్యం తెలిసిన ఈ విషయం పక్క భవనంలోని కీటకశాస్త్ర విభాగానికి చేరకపోవడమే విచిత్రం.

తలతన్యత తగ్గించే పదార్థాలతో ఏర్పడిన మిసెల్‌లలో మందును ఇమిడ్చినప్పుడు, సందిగ్ధ మిసెల్ గాఢత కంటే పలుచనైతే అవి విడి అణువులుగా చెదిరిపోతాయి. రైతు ఆ మందును వందల రెట్లు పలుచన చేస్తాడు, అదీ తరచు బోరునీటితో. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును మడ్డిగా మార్చడం బట్టలు ఉతికిన ప్రతివారూ చూసినదే. జింక్ ఆక్సైడ్ వంటి ఘన స్ఫటిక కణాల సంగతి వేరు. అవి చెదరవు, గుమిగూడతాయి.

స్వేదనజలంలో కొలిచిన పరిమాణాన్ని పొలానికి వర్తింపజేసి సిఫారసు చేయడం తొందరపాటు. పురుగు చావనప్పుడు మోతాదు పెంచి నష్టపోయేది రైతే. క్షేత్ర ప్రయోగ నివేదికల్లో వాడిన నీటి ఉదజని సూచిక, కాఠిన్యం, పలుచన నిష్పత్తి తప్పక నమోదు కావాలి. కణ పరిమాణాన్ని సీసాలోని ద్రవంలోనే కాక, పిచికారీకి కలిపిన ద్రవంలోనూ, కలిపిన వెంటనే ఒకసారి, పిచికారీ ముగిసే వేళకు మరొకసారి కొలవాలి.